కాలివేళ్ళ సందున తడి

ఊడ్పుల రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే మా మందుల షాపు మెట్టు మీద ముఖాలకన్నా ముందు పాదాలు కనిపిస్తాయి. నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడినవి, వేళ్ళ సందుల్లో తోలు లేచి లోపలి ఎరుపు బయటపడినవి, గోరుచుట్టు లేచి చీము పట్టినవి. పొద్దున్న చేలో దిగిన ఆడవాళ్ళు మళ్ళీ గట్టెక్కేది అన్నం తినడానికే. సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో నా షాపు.

"బాబుగారూ, మొన్నటి ట్యూబే ఇవ్వండి. రాసిన రోజే దురద చల్లారిపోయిందండి."

"మరి తగ్గలేదా అమ్మా?"

"తగ్గిందండి. మళ్ళీ వచ్చిందండి."

ఇరవై ఏళ్ళకు పైగా ఈ కౌంటర్ వెనక నిలబడ్డాను. ఆ రెండు ముక్కలు, తగ్గిందండి, మళ్ళీ వచ్చిందండి, ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. చాలా ఏళ్ళపాటు దానికి నా జవాబు ఇంకో ట్యూబు. ఇప్పుడు నేను చెప్పబోయేది నా వ్యాపారానికి అంత మంచిది కాదు. ఆ కాళ్ళకు కావలసింది సూక్ష్మజీవుల్ని చంపే మందు కాదు, లేదా అది మొదట కావలసింది కాదు. వాటికి కావలసింది తడి ఆరే వ్యవధి. చర్మం తన పని తాను చేసుకోగలదు. మనం దాన్ని చేసుకోనివ్వడం లేదు.

మాటతో సరిపెడితే ఎవరూ నమ్మరు కాబట్టి గోరింటాకు దగ్గర మొదలుపెడతాను.

ఆషాఢంలో మా ఇంట్లో ఆడవాళ్ళందరూ గోరింటాకు రుబ్బి పెట్టుకుంటారు. అరచేతిలో ఎర్రగా పండినది ముంజేతి మీద నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. మొగుడి ప్రేమకు సంబంధం లేదు. ఆకులోని లాసోన్ అనే పదార్థం చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. అరచేతిలో ఆ పొర బాగా మందం, ముంజేతి మీద పలచన. రెండు మూడు వారాల తరువాత ఆ ఎరుపు ఎక్కడికి పోయింది? కడుక్కుంటే పోయే రంగు కాదది. రంగు పట్టిన పొరే రాలిపోయింది. కింద నుంచి కొత్త కణాలు పైకి తోసుకొస్తుంటే పై కణాలు చచ్చి, చదునై, పొట్టులా రాలుతూ ఉంటాయి. ఈ పని ఒక్కరోజు కూడా ఆగదు. గోరింటాకు పెట్టుకున్నప్పుడు మాత్రమే మన కంటికి ఆనుతుంది.

చర్మం చేసే మొదటి రక్షణ ఇదే. గోడ పట్టుకుని పాకుతున్న దొంగ, గోడ పెచ్చుతో సహా కిందపడతాడు. ఒంటికి అంటుకున్న బాక్టీరియా కుదురుకుని ఇల్లు కట్టుకునేలోపు అది నిలబడ్డ పొట్టు రాలిపోతుంది.

ఆ పైపొరని పాఠ్యపుస్తకాల్లో ఇటుకలూ సున్నమూ అని పోలుస్తారు. మంచి పోలికే. చచ్చి గట్టిపడిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు, అదే సున్నం. మా వైపు పాత మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి ఇటుకకన్నా సున్నం సంగతే బాగా తెలుసు. పైకప్పు కారి గోడ నాని, సున్నం ఉబ్బి, వేలితో నొక్కితే పెచ్చులుగా ఊడొస్తుంది. ఇటుక అలాగే ఉంటుంది, గోడ మాత్రం పోతుంది. రోజంతా దమ్ము చేసిన చేలో నానిన కాలుకి జరిగేది దాదాపు ఇదే.

ఇక పులుపు. మన చర్మం మీద పులుపుంటుందని షాపుకొచ్చిన వాళ్ళకి చెబితే నవ్వుతారు. 1928లోనే షాడె, మార్కియోనిని అనే ఇద్దరు జర్మన్ వైద్యులు దీన్ని గమనించి చర్మపు ఆమ్ల కవచం అని పేరు పెట్టారు. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 7 అంటే పులుపు లేనట్టు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలు చర్మం పీహెచ్ 5కి కాస్త అటూ ఇటూ. తోడుకున్న పెరుగు పులుపుకి ఇది అట్టే దూరం కాదు. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, చర్మం మీది నూనెలు విరిగితే వచ్చే కొవ్వు ఆమ్లాలు, ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ విరిగితే వచ్చే ముక్కలు, అన్నీ కలిసి ఆ పులుపు. రోగాలు తెచ్చే బాక్టీరియాలో చాలావాటికి ఈ పులుపు గిట్టదు. చర్మం పొట్టు ఎప్పుడు రాలాలో, సున్నం ఎలా తయారవాలో చూసే ఎంజైములకి మాత్రం ఆ పులుపే కావాలి. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్లు. 5 నుంచి 10కి ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఒక స్నానం దెబ్బ నుంచి కొన్ని గంటల్లో తేరుకుంటుంది. రోజుకి నాలుగుసార్లు ఘాటు సబ్బుతో రుద్దుకునేవాళ్ళ సంగతే వేరు. అలాంటివాళ్ళు వచ్చి, శుభ్రంగానే ఉంటాం కదండీ, ఎందుకిలా పగులుతోంది అని నన్నే అడుగుతారు.

నాకు బాగా నచ్చిన భాగం ఇంకోటుంది. చర్మం దగ్గర సొంత మందుల షాపు ఉంది.

సోరియాసిస్ ఉన్నవాళ్ళని చూసే ఉంటారు. ఒంటి మీద పొట్టులు, పగుళ్ళు, ఒక్కోసారి రక్తం. అంత చిట్లిన చర్మానికి పుండ్లు పడి చీము పట్టాలి కదా? చాలా తక్కువగా పడుతుంది. జర్మనీలో కీల్ నగరపు పరిశోధకులు ఆ రాలిన పొట్టునే పోగుచేసి వెతికితే, బాక్టీరియాని చంపే ఒక చిన్న ప్రొటీన్ ముక్క దొరికింది. 1997లో దాన్ని ప్రకటించారు. దాని పేరు బీటా డిఫెన్సిన్ 2. ఎగ్జిమా ఉన్నవాళ్ళలో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఇలాంటి ముక్కల తయారీ తగ్గుతుంది, సెగగడ్డలు తెచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ ఆ చర్మం మీద తిష్ఠవేస్తుంది. నాలుగేళ్ళ తరువాత 2001లో చెమటలో ఇంకోటి బయటపడింది, డెర్మ్‌సిడిన్. మన గోదావరి ఉక్కపోతలో ధారలు కట్టే చెమటని మనం తిట్టుకుంటాం. అందులో ఉప్పు మధ్య కూడా పనిచేసే సూక్ష్మజీవి నాశని ఉందని తెలిసినప్పటి నుంచి నేను కాస్త తక్కువ తిడుతున్నాను. కాస్తే.

2005లో మళ్ళీ కీల్ వాళ్ళదే ఇంకో సంగతి. దాన్ని చదివినప్పుడు నాకు మా వీధిలో పొద్దున్నే పేడ కలిపి కళ్ళాపి చల్లే ఆడవాళ్ళ చేతులు గుర్తొచ్చాయి. పేడలో ఈకోలై అనే పేగుల బాక్టీరియా కోట్లలో ఉంటుంది. ఆ చేతులకి రోజూ అంటుతుంది. అయినా చేతి చర్మం మీద ఈకోలై వల్ల పుండు లేవడం ఎంత అరుదు! చర్మ కణాలు సోరియాసిన్ అనే ప్రొటీన్ విడుదల చేస్తాయి. అది చుట్టుపక్కల ఉన్న జింకుని లాగేసుకుంటుంది. జింకు దొరక్క ఈకోలై మాడి చస్తుంది. శత్రువుని కొట్టకుండా కంచంలో అన్నం తీసేయడం అన్నమాట. (దీన్ని పట్టుకుని అన్నం ముందు చేతులు కడగడం మానేయకండి. చర్మం ఆపగలిగేది చర్మం మీదే. నోట్లోకి వెళ్ళాక దాని పూచీ లేదు.)

ఇవన్నీ చాలవన్నట్టు చర్మం మీద అద్దెకున్నవాళ్ళు కూడా కాపలా కాస్తారు. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, హోమినిస్ లాంటి బాక్టీరియా మనతో పాటే పుట్టి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు ఆరియస్‌ని చంపే పదార్థాలు తయారుచేస్తాయని 2017లో అమెరికాలో చూపించారు. కనక సూక్ష్మజీవులన్నిటినీ ఊడ్చిపారేసే సబ్బు అనడం పొగడ్త కాదు, అది చర్మానికి నష్టం. ఆ సబ్బులు నా అల్మరాలోనూ ఉన్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను ఇళ్ళలో వాడే యాంటీ బాక్టీరియల్ సబ్బుల్లోంచి తీసేయమంది. మామూలు సబ్బు, నీళ్ళకన్నా అవి ఎక్కువ మేలు చేస్తాయని తయారీదార్లు చూపించలేకపోయారు.

ఇంత బందోబస్తు ఉన్నా మా మెట్టు మీద ఆ కాళ్ళు ఎందుకలా ఉన్నాయి మరి?

1978లో నలుగురు పరిశోధకులు చేసిన ఒక చిన్న ప్రయోగం నాకు దీనికి జవాబు. ముంజేతి మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి గాలి తగలకుండా కొన్ని రోజులు ఉంచారు. మందు లేదు, మట్టి లేదు, గాయం లేదు. చర్మం తన తడిలో తానే నానింది, అంతే. చదరపు సెంటీమీటరుకి వందల్లో ఉన్న బాక్టీరియా నాలుగో రోజుకి 45 లక్షలకు చేరాయి. పీహెచ్ 4.4 నుంచి 7కి ఎక్కింది, అంటే పులుపు మొత్తం చచ్చిపోయింది. శుభ్రమైన ముంజేతికే అలాగైతే, ఎప్పుడూ మూసుకుని ఉండే కాలివేళ్ళ సందుల్ని చెప్పాలా? ఒంటి మీద సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉండే చోట్లలో అదొకటి. దాన్ని తీసుకెళ్ళి పది గంటలు బురద నీళ్ళలో ముంచాం. సున్నం కరిగింది, పులుపు పోయింది, ఇటుకలు కదిలాయి. మొదట ఫంగస్ వచ్చి సందు చేస్తుంది, ఆ సందులోంచి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా దూరుతుంది. మర్నాటికి పాదం వాచి ఎర్రగా కాలిపోతుంటుంది.

వియత్నాం యుద్ధంలో మెకాంగ్ డెల్టా వరిచేలల్లో తిరిగిన అమెరికా సైనికులకి సరిగ్గా ఇదే పట్టుకుంది. అదీ మనలాంటి డెల్టాయే, అదే బురద, అదే వరి. బందూకు దెబ్బలకన్నా పాదాల పుండ్లే ఎక్కువమందిని కూర్చోబెట్టేసే పరిస్థితి వచ్చింది. వైద్యులు చివరికి కనిపెట్టిన మందు ఏ ట్యూబులోనూ లేదు. రెండు రోజులకు మించి నీళ్ళలో ఉంచొద్దు, ఆ తరువాత ఒక రోజు పూర్తిగా కాళ్ళు ఆరబెట్టుకోనివ్వండి. సైన్యం దాన్ని పద్ధతిగా పెట్టుకుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవల నీళ్ళతో ఈ గడ్డ రెండు పంటలు పండిస్తోంది. సార్వా, దాళ్వా. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు వెతుక్కోవాలి. ఆ నీళ్ళలో నిలబడి ఇన్నేళ్ళూ ఊడ్చిన కాళ్ళకి అలాంటి ఒక్క రోజు ఆటవిడుపు ఎవరైనా రాసిపెట్టారా? నాకు కనపడలేదు.

మా మామ్మ సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. నాన్న తల్లి. ఎడమకాలు బోదకాలు. మా చిన్నప్పుడు ఆ కాలు మాకు భయం కూడా కాదు, ఇంట్లో ఒక సామానులాంటిది. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆవిడకి చలిజ్వరం వచ్చేది. గజ్జల్లో బిళ్ళ కట్టేది, కాలు నిప్పులా కాలేది. అమావాస్య దగ్గరపడిందనేవారు, పున్నమి పోటు అనేవారు. కాలికి నీళ్ళు తగలనిచ్చేవారు కాదు, గుడ్డ చుట్టి ఉంచేవారు. జ్వరం తగ్గాక కాలు ముందుకన్నా రవ్వంత లావయ్యేది.

బోదకాలు పురుగు దోమ ద్వారా వస్తుందని 1877లో చైనాలో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్ దారి చూపించాడు. మన మురుగు కోడుల్లో, బోదెల్లో పెరిగే క్యూలెక్స్ దోమే మోస్తుంది. ఇక్కడ కూడా కథ చర్మం దగ్గరే. ఆ పురుగు పిల్లలు దోమ నోట్లోంచి చర్మం మీదకి జారి, దోమ పొడిచిన రంధ్రంలోంచే లోపలికి పోతాయి. తెగని చర్మాన్ని తొలుచుకుని వెళ్ళలేవు. ఒక్క సూది బెజ్జం చాలు. లోపల ఒంట్లో ఊరే నీటిని తోడే లింఫు నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. పురుగు చచ్చినా నాళం బాగుపడదు. ఆ కాలికి ఇక తన నీళ్ళు తాను తోడుకునే శక్తి ఉండదు, రక్షక కణాలు సరిగ్గా తిరగవు.

అయితే ఆ జ్వరం పురుగు వల్ల కాదు. మందుల చదువు చదివిన నాకు కూడా ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు వందల రోగుల కాళ్ళు చూసి తేల్చింది ఏమిటంటే, జ్వరం బాక్టీరియాది. దారి కాలివేళ్ళ సందుల్లోని చిట్లు. ప్రతి జ్వరమూ కాలుని ఇంకాస్త లావు చేసి పోతుంది. చికిత్స ఏమిటంటే రోజూ సబ్బూ నీళ్ళతో మడత మడతా కడగడం, ఒక్కొక్క వేలి సందూ మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టడం, చిట్లు ఉంటే ఫంగస్ క్రీము, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం.

అంటే మా ఇంట్లో దశాబ్దాలుగా దీనికి సరిగ్గా వ్యతిరేకం చేశాం. కడగొద్దన్నాం, గుడ్డలో మూటకట్టి తడి ఆరనివ్వలేదు. మామ్మకి ఎనభై దగ్గరపడ్డాక నేను మొదలుపెట్టాను. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి, బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు, మామూలు సబ్బు, పాత నూలు చీర ముక్క. సిగ్గుపడి మొదట్లో కాలు లాగేసుకునేది. "మనవడి చేత కాళ్ళు కడిగించుకుంటానా, పాపం రా" అనేది. ఆ ఏడాది జ్వరం ఒక్కసారే వచ్చింది. కాలు సన్నబడలేదు, అలాంటివేమీ జరగవు. కానీ అమావాస్యలు వచ్చాయి, పోయాయి.

పురుగుని నిర్మూలించడానికి 2004 నుంచి ఏటా ఇంటింటికీ డీఈసీ మాత్రలు, తరువాత వాటితోపాటు ఆల్బెండజోల్ కూడా మింగించారు, చాలా మంచి పని. దాంతోపాటు టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్లు కూడా ఇచ్చారు. జనం మాత్రలనే మందనుకుంటారు. తువ్వాలు మందంటే ఎవరికీ ఎక్కదు. నిజానికి ఆ జ్వరం దాకా వస్తే తువ్వాలుకే మార్కులు ఎక్కువ.

ఇక ట్యూబు సంగతి. దాచుకోను. ఆ మెట్టు మీదకొచ్చిన ఆవిడ అడిగిన ట్యూబులో ఒక గట్టి స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఉంటాయి. అన్నీ ఒకేచోట ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. స్టెరాయిడ్ చేసే పని చర్మపు కాపలాదారుణ్ణి నిద్రపుచ్చడం. ఎరుపు, దురద అనేవి రోగం కాదు, కాపలావాడి కేక. కేక ఆగింది కాబట్టి దొంగ పోయాడనుకుంటాం. ఫంగస్ చాటుగా పాకుతుంది, చర్మం పలచబడుతుంది, ట్యూబు అవగానే రెట్టింపై బయటపడుతుంది. తగ్గిందండి, మళ్ళీ వచ్చిందండి. మామూలు మందులకు లొంగని తామర ఫంగస్ ఒకటి ఇప్పుడు దేశమంతా తిరుగుతోంది. దానికి 2020లో పెట్టిన పేరులోనే మన దేశం ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఇలాంటి ట్యూబులకి అందులో వాటా ఉందని చర్మ వైద్యులు మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం పూతమందు స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంతకుముందు నేను అమ్మాను. ఆ తరువాత కూడా కొన్నాళ్ళు అమ్మాను. పదికి రెండు ఫ్రీ అని స్కీము పెట్టిన కంపెనీ కుర్రాడి మీద తోసేయొచ్చు కానీ, చెయ్యి చాపి ఇచ్చింది నేనే.

ఇదంతా చదివి, చూశారా పెద్దవాళ్ళు పసుపూ నూనే రాసుకుని బతికారు అని ఎవరైనా అంటారని తెలుసు. సగం ఒప్పుకుంటాను. కోనసీమలో పుట్టినవాడిని, కొబ్బరినూనెని తీసిపారెయ్యను. 2008లో ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్నవాళ్ళకి రాసి చూస్తే చర్మం మీద ఆరియస్ తగ్గింది. బంగ్లాదేశ్‌లో నెలలు నిండని పసికందులకి పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో తేలింది. విరిగిన సున్నానికి పూత వేసినట్టు. కానీ తెగిన గాయం మీద కాఫీపొడి అద్దినవాళ్ళూ, బొడ్డు మీద పేడ రాసి ధనుర్వాతం తెచ్చినవాళ్ళూ ఆ పెద్దవాళ్ళలోనే ఉన్నారు. పాతదా కొత్తదా అని కాదు నేను చూసేది. గోడని నిలబెడుతోందా, పడగొడుతోందా అన్నదే. ఇంకో మాట. పాదం వాచి, వేడెక్కి, ఎరుపు పైకి పాకుతూ జ్వరం వచ్చిందంటే గోడ సంగతి దాటిపోయింది. అప్పుడు తువ్వాలూ కాదు, నా షాపూ కాదు, డాక్టరే. షుగరు ఉన్నవాళ్ళు అంతవరకూ కూడా ఆగకూడదు.

మొన్న జులైలో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ ట్యూబు లేదన్నాను. స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము తీసి, కాళ్ళు కడుక్కుని వేళ్ళ సందులు బాగా ఆరబెట్టుకుని రాయాలని చెప్పాను. రెండు రోజులు చేలో దిగితే ఒక రోజు మానెయ్యమ్మా, అది ఏ మందుకన్నా మంచిది అని కూడా అన్నాను. మెకాంగ్ కథ సగం చెప్పాను కాబోలు.

ఓపిగ్గా విని, నవ్వింది.

"ఎకరం ఇంత అని గుత్తకి ఒప్పుకుంటామండి బాబుగారూ. పదిమంది ముఠా. నేనొక రోజు మానేస్తే నా వరస ఎవరు ఊడుస్తారండి? ఊడ్పులు ఇరవై రోజులండి, ఏడాదికి."

నా దగ్గర జవాబు లేదు. క్రీము డబ్బులు తీసుకున్నాను. అల్మరాలో కట్టుకట్టడానికి ఉంచిన నూలు గుడ్డ ఒక మూర చింపి ఇచ్చాను. మధ్యాహ్నం అన్నానికి గట్టెక్కినప్పుడు అన్నం తినేంతసేపైనా కాళ్ళు ఎండలో చాపి, ముందు దీంతో సందులు తుడుచుకోమన్నాను. కొంగున ముడేసుకుని, "ఆయ్, అలాగేనండి" అంటూ మెట్టు దిగింది. మెట్టు మీద తడి పాదం అచ్చు ఉంది. వేళ్ళ దగ్గర బురద చిక్కగా ఉంది.